గెలిచింది 53 రోజుల్లో.. నిలబెట్టడానికి 28 ఏళ్లు: ఇస్తాంబుల్‌ను మళ్లీ కట్టిన సుల్తాన్ మహమ్మద్ ఫాతేహ్

సుల్తాన్ మహమ్మద్ ఫాతేహ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది కుస్తుంతునియా విజయం. భారీ ఫిరంగులు, కొండ మీదుగా లాక్కెళ్లిన ఓడలు, 53 రోజుల ముట్టడి. ఈ కథ పిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత ఏమైందన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. సగం ఖాళీగా, శిథిలంగా ఉన్న ఊరిని ఆయన మళ్లీ మహానగరంగా ఎలా మార్చారు? ఖజానా డబ్బు ఒక్కటే సరిపోలేదు. ప్రభుత్వ భూమికి సంపన్నుల సొమ్ము తోడైంది. ఈ రోజుల్లో పబ్లిక్-ప్రైవేట్ భాగస్వామ్యం అంటున్న పద్ధతికి దగ్గరగా ఉండే పని అది.

పన్నెండేళ్లకే గద్దె

ఆయన 1432 మార్చి 30న ఎదిర్నెలో పుట్టారు. తండ్రి ఉస్మానియా సుల్తాన్ రెండో మురాద్. 1444లో, పన్నెండేళ్ల వయసులోనే కొడుకును గద్దెనెక్కించారు. కానీ రెండేళ్లకే తండ్రి మళ్లీ పగ్గాలు తీసుకోవాల్సి వచ్చింది. 1451లో తండ్రి చనిపోయాక, 18 ఏళ్లకు ఆయన రెండోసారి సుల్తాన్ అయ్యారు.

మరుసటి ఏడాదే బాస్ఫరస్ ఒడ్డున రుమేలీ హిసార్ కోట లేచింది. నాలుగైదు నెలల్లోనే పని పూర్తయింది. మూడు పెద్ద బురుజుల బాధ్యతను హలీల్, జగానోస్, సారూజా అనే ముగ్గురు పాషాలకు పంచారు. ఆ బురుజులను ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే పిలుస్తారు. ప్లాన్ సుల్తాన్‌ది, పని పంచుకునేది పెద్దలు. తర్వాత నగరం మొత్తానికీ ఇదే పద్ధతి వాడారు.

చేతికొచ్చింది ఖాళీ ఊరు

1453 మే 29న నగరం చేతికొచ్చింది. అయితే అది అప్పటికే చితికిపోయిన ఊరు. 1204లో క్రూసేడర్లు దోచుకున్నాక మళ్లీ కోలుకోలేదు. కోటగోడల లోపలే పొలాలు, తోటలు ఉండేవి. దానికి తోడు విజయం తర్వాత సైన్యం దోపిడీ చేసింది. వేలమంది బందీలయ్యారు. మిగిలింది గోడలు, ఖాళీ ఇళ్లు.

సుల్తాన్ తన వాటాకు వచ్చిన బందీలను గోల్డెన్ హార్న్ ఒడ్డున ఇళ్లిచ్చి ఉంచారు. కొంతకాలం పన్ను మాఫీ చేశారు. మిగతా బందీలకు మరమ్మతు పనుల్లో కూలీ ఇప్పించి, ఆ డబ్బుతో విడుదల సొమ్ము కట్టుకునే వీలు కల్పించారు. పాత నీటి కాలువలను బాగు చేయించారు.

ఎవరు వచ్చినా ఇల్లు సొంతం అని ప్రకటించారు. అయినా వచ్చినవాళ్లు తక్కువే. దాంతో ఊళ్లకు హుకుం వెళ్లింది. అనటోలియా, బాల్కన్ ప్రాంతాల నుంచి వ్యాపారులను, చేతిపనివాళ్లను బలవంతంగా తరలించారు. పుట్టిన ఊరు వదలడం ఎవరికీ తేలిక కాదు. అక్సరాయ్ నుంచి తెచ్చినవాళ్లు తమ పేటకు తమ ఊరి పేరే పెట్టుకున్నారు. ఇస్తాంబుల్‌లో ఆ పేట ఇప్పటికీ అక్సరాయే.

వచ్చినవాళ్లు కుదురుకునేలోపే ఇళ్లకు కిరాయి కట్టాలన్నారు. సొంతమని ఇచ్చిన ఇంటికి కిరాయి ఏమిటని జనం మండిపడ్డారు. కొందరు ఇళ్లు వదిలేసి వెళ్లిపోయారు. చివరికి కిరాయి రద్దు చేశారు. కొన్నేళ్లకు మరో వజీర్ మళ్లీ వేయించారు. ఈ కోపం చాలాకాలం చల్లారలేదు.

భూమి సుల్తాన్‌ది, ఖర్చు పాషాలది

ఊళ్లో జనం నిలవాలంటే బతుకుతెరువు కావాలి. అందుకే 1450ల చివర్లో కప్పుతో ఒక పెద్ద బట్టల బజారు కట్టించారు. దాని కిరాయి అయాసోఫియా మసీదు వక్ఫ్‌కు వెళ్లేది. దాని చుట్టూ దుకాణాలు పెరిగి, అదే ఇవాళ్టి గ్రాండ్ బజార్ అయింది.

1459లో ఇంకో అడుగు వేశారు. పాషాలను, సంపన్నులను పిలిచి, తలా ఒక చోటు ఎంచుకుని అక్కడ కట్టమని ఆదేశించారు. మసీదు, హమామ్, సరాయి, బజారు.. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు. ప్రధాన వజీర్ మహమూద్ పాషా అందరికంటే ముందున్నారు. మసీదు, మదర్సా, హమామ్, సరాయి, దుకాణాలు కట్టించారు.

లెక్క సింపుల్. భూమి సుల్తాన్ ఇస్తారు, కట్టే ఖర్చు పాషా పెట్టుకుంటారు. హమామ్, దుకాణాల కిరాయితో ఇమామ్ జీతం, విద్యార్థుల భోజనం, మరమ్మతులు నడుస్తాయి. మన దగ్గర మసీదు కింద మల్గీలు కట్టి కిరాయికిస్తారు కదా, అలాంటిదే, కాకపోతే పేటలకు పేటలే. నీళ్లు, అన్నం, బజారు ఉన్నచోటికి జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు.

సుల్తాన్ కూడా తన వాటా కట్టారు. శిథిలమైన పాత చర్చి ఉన్న చోట 1463 నుంచి 1470 వరకు ఫాతేహ్ మసీదు సముదాయం కట్టించారు. ఎనిమిది పెద్ద మదర్సాలు, దవాఖానా, పేదలకు భోజనశాల అందులో భాగం. 1477 లెక్కల్లో నగరం, ఎదుటి ఒడ్డున ఉన్న గలాటా కలిపి 16 వేలకు పైగా ఇళ్లు తేలాయి. సగానికి పైగా ముస్లింలవి. మిగతావి గ్రీకులు, యూదులు, ఆర్మేనియన్లు తదితరులవి.

నమ్మకం దెబ్బతిన్న చోట

యుద్ధాలు ఆగలేదు, ఖర్చూ ఆగలేదు. నాణేల్లో వెండి తగ్గించారు. పాలన చివరి ఏళ్లలో వక్ఫ్, సొంత ఆస్తుల కింద ఉన్న వేలాది గ్రామాలను వెనక్కి తీసుకుని గుర్రపు సైనికులకు పంచారు. శాశ్వతమని నమ్మి వక్ఫ్ చేసిన కుటుంబాలకు, వాటి మీద బతికే ఉలమాకు ఇది పెద్ద దెబ్బ. అందరికంటే ఎక్కువ కట్టించిన మహమూద్ పాషాకు కూడా 1474లో మరణశిక్ష పడింది.

1481 మే 3న, మరో దండయాత్రకు బయల్దేరిన సుల్తాన్ గెబ్జే దగ్గర కన్నుమూశారు. వయసు 49. గద్దెనెక్కిన కొడుకు రెండో బాయజీద్ మొదట చేసిన పనుల్లో ఒకటి, లాక్కున్న ఆస్తుల్లో చాలావాటిని తిరిగి ఇచ్చేయడం. భూమి, డబ్బు ఉంటే బజారు లేస్తుంది. కానీ ఇచ్చిన ఇంటిపై కిరాయి వేసినప్పుడు, ఇచ్చిన వక్ఫ్ లాక్కున్నప్పుడు జనం నమ్మకం పోయింది. దాన్ని సరిచేసే పని కొడుకు మీద పడింది.

మహమూద్ పాషా పేరుతో ఉన్న వీధుల్లో ఇవాళ కూడా బట్టల బేరాలు సాగుతూనే ఉన్నాయి.