డెన్మార్కు ప్రజాగురువు గ్రుండ్విగ్

ఐరోపా ఖండమున, జర్మనుదేశమునకు ఉత్తరముగా సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఒక ద్వీపకల్పమును, దాని చెంత కొన్ని దీవులును గల చిన్న రాజ్యము డెన్మార్కు. దక్షిణపుటెల్ల దాటినచో జర్మనులే. పదునెనిమిదవ శతాబ్దమున కోపెన్‌హేగన్ నగరమందలి ప్రభువులును, ఉద్యోగులును పలువురు జర్మనుభాషయే మాటలాడుచుండిరి. పండితులు లాటినును ఆశ్రయించిరి. డెన్మార్కు సైన్యమునకు ఆజ్ఞలు సైతము 1773 వఱకు జర్మనులోనే యిచ్చుచుండిరి. సొంతభాష పొలము దున్నువానికి చాలునని పెద్దలు తలంచుచుండిన ఆ కాలమున, 1783 సెప్టెంబరు 8వ తేదీన, జీలండు దీవిలోని ఉడ్బీ గ్రామమున ఒక క్రైస్తవ మతాచార్యుని యింట నికొలాయ్ గ్రుండ్విగ్ జన్మించెను.

ఆయన యౌవనమంతయు స్వదేశమునకు దుర్దశయే. 1807లో ఆంగ్లేయులు కోపెన్‌హేగన్‌పై గుండ్లు కురిపించి నౌకాబలమునెల్ల పట్టుకొనిపోయిరి. 1813లో ఖజానా దివాలా తీసెను. మరుసటి యేడు, నాలుగు శతాబ్దములకు మించి కలిసియున్న నార్వే స్వీడను పాలయ్యెను. గ్రుండ్విగ్ ఆ రోజులలో పూర్వకథల నాశ్రయించెను. లాటినులోను, ప్రాచీన నార్సుభాషలోను మరుగుపడియున్న సాక్సో, స్నోర్రీల చరిత్రలను రైతు చదివి గ్రహింపదగిన డేనిషుభాషలోనికి తెచ్చెను. ప్రాచీనాంగ్ల కావ్యమగు బేవుల్ఫును 1820లో అనువదించెను.

ఆయన స్వభావము శాంతమైనది కాదు. 1825లో ఒక వేదాంతాచార్యుని ఖండించుచు వ్రాసిన చిన్నపుస్తకమునకై న్యాయస్థానము జరిమానా విధించెను. అంతటితో పోక ఆయన వ్రాతలన్నియు ప్రభుత్వ పరిశీలనకు లోనయ్యెను. ఆ నిర్బంధము 1837 వఱకు తొలగలేదు. ఆయన 1826లోనే గురుపీఠమును విడిచెను.

తన నగరమును కాల్చిన ఇంగ్లండునకే ఆయన 1829 మొదలు మూడు వేసవులు వెళ్లివచ్చుట గమనింపదగినది. వెళ్లినది ప్రాచీన వ్రాతప్రతులకొఱకు, తెచ్చినది వేఱొకటి. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో గురుశిష్యులు ఒక్కచోట వసించి, ఒక్క బల్లచెంత భుజించి, సంభాషించుట ఆయన మనస్సును హరించెను. బలవంతునివలె మారకయే బలవంతునినుండి నేర్చుకొనవచ్చునని ఆయనకు తోచినట్లున్నది. ఆ తర్వాత ప్రచురించిన చిన్నపుస్తకములలో ప్రజోన్నత పాఠశాల యను భావమును ప్రతిపాదించెను. అందు లాటిను లేదు, పరీక్షలు లేవు. పదునెనిమిదేండ్లు దాటిన పల్లెయువకులు ఉపాధ్యాయులతో కూడి నివసించుచు స్వదేశచరిత్రను, పాటలను, మాతృభాషను నేర్వవలెను. పుస్తకముకంటె నోటిమాటకే అక్కడ పెద్దపీట. రాజాశ్రయమున సోరో పట్టణమందు ఇట్టి విద్యాలయమును నెలకొల్పవలెనన్న ఆయన ఆశ, రాజు 1848లో మరణించుటతో నెరవేరలేదు. కాని 1844లోనే ష్లెస్విగ్ సంస్థానమందలి రోడింగ్ గ్రామమున మొదటి పాఠశాల వెలసియుండెను. జర్మనుభాష ఒత్తుకొని వచ్చుచున్న సరిహద్దునాడు గనుకనే అచ్చట దాని యవసరము మెండు. (ఆ మరుసటి యేడే మన దేశమందలి తరంగంబాడిని, శ్రీరాంపురమును డెన్మార్కు ఆంగ్ల కంపెనీకి విక్రయించినది.)

ఈ ష్లెస్విగ్ ఉత్తరార్ధమున డేనిషువారు, దక్షిణమున జర్మనులు, నడుమ ఉభయులును గల ప్రాంతము. అది యంతయు తమదేయని జర్మను పక్షమువారు, ఐడరు నదివఱకు తమదని డేనిషు పక్షమువారు పట్టుపట్టిరి. 1848 మార్చిలో గ్రుండ్విగ్ ఒక సభలో స్వజనులకు రుచింపని మాట చెప్పెను. డేనిషు పలుకునంతవఱకే, పలుకగోరునంతవఱకే డెన్మార్కు అనియు, ఆ యెల్ల ష్లెస్విగ్ నడుమ ఎచ్చటనో యున్నదనియు దాని తాత్పర్యము. అటుపిమ్మట యుద్ధము వచ్చినపుడు తన వారపత్రికలో జర్మనులపై ఆయన కురిపించిన నిప్పులు మాత్రము ఈ వివేకమునకు తగినవి కావు.

ఆ యుద్ధమున డెన్మార్కు నిలిచెను, నిలుచుటచే గర్వించెను. 1863లో ష్లెస్విగునంతయు తనలో బంధించు రాజ్యాంగమును చేసికొనెను. బిస్మార్కు దీనికై కాచుకొనియున్నవాడు. ప్రష్యా, ఆస్ట్రియాలు 1864లో దండెత్తినపుడు స్వీడనుగాని, ఇంగ్లండుగాని సేనల నంపలేదు. ఏప్రిలు 18న డుబ్బోలు కోట కూలెను. రాజ్యమున సుమారు అయిదింట రెండు పాళ్లు పోయెను. రోడింగు సైతము ప్రష్యాలో కలిసెను.

గ్రుండ్విగునకు అప్పటికి ఎనుబదియేండ్లు. ఆయన శిష్యవర్గములోని ష్రోడరు 1865లో ఆ పాఠశాలను క్రొత్త సరిహద్దునకు ఈవలనున్న ఆస్కోవు గ్రామమునకు తరలించెను. ఎల్ల కావలినుండి యువకులు దాటివచ్చి అందు చదివిరి. ఇట్టి పాఠశాలలు పల్లెపల్లెను పుట్టెను. వానిలో చదివిన రైతుబిడ్డలు పలువురు సహకారోద్యమమున చేరిరి. మొదటి సహకార పాలకేంద్రము 1882లో జట్లండునందు వెలసెను. గ్రుండ్విగ్ దానిని చూడలేదు. 1872 సెప్టెంబరు 1న చర్చిలో ఉపన్యసించి, మరునాడు ఆయన కన్నుమూసెను.

ప్రథమ ప్రపంచ యుద్ధానంతరము, 1920లో, ష్లెస్విగ్ ప్రజల యభీష్టమును ఓట్లద్వారా తెలిసికొనిరి. ఉత్తరభాగమున నూటికి సుమారు డెబ్బదియైదుగురు డెన్మార్కును, నడిమిభాగమున సుమారు ఎనుబదిమంది జర్మనీని కోరిరి. ఎల్ల ష్లెస్విగ్ నడుమ ఏర్పడెను. 1945లో జర్మనీ మరల ఓడినపుడు దక్షిణమును గూడ గైకొనవలెనని కొందరు పట్టుపట్టిరి గాని, డెన్మార్కు ప్రభుత్వము ఆ యెల్లను కదల్ప నంగీకరింపలేదు.