ప్రేమికుల వనమును నాటిన మోరి మారి

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరు వఱకు సాగు రాజమార్గమునకు ఇరువైపుల శిక్షణాలయములును, విద్యార్థినుల వసతిగృహములును క్రిక్కిఱిసి యున్నవి. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరు వఱకు మెట్రో రైలు నడువ నారంభించినది మొదలు, ఆ రైలుపెట్టెలలో నిలుచుండి సెల్‌ఫోనులో చిత్రకథలు చదువుకొను యువతులను తఱచు చూచుచున్నాను. వానిలో కొన్ని మాంగాలని పిలువబడు జపాను చిత్రకథలు. అందును కొన్ని వయోజనులగు ఇరువురు పురుషుల నడుమ ప్రణయమును చిత్రించునవి.

ఒకనాడు నా తరగతిలోని విద్యార్థిని యొకతె ఇట్టి కథలను గూర్చి సెమినారు పత్రము వ్రాయుటకు అనుమతి కోరెను. ఇది సాహిత్యము కాదని చెప్పి త్రోసిపుచ్చితిని. ఆమె మాఱు మాటాడక కాగితము మడిచికొని వెడలిపోయెను. ఆ మౌనము నన్ను చిరకాలము వెంటాడినది. ఆ కథల పుట్టుక నరయుచు పోగా మోరి మారి యను రచయిత్రి జీవితము నాకు తటస్థించినది. పాఠక మహాశయులకు ఆ జీవితమును సంగ్రహముగ విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

మనవలెనే జపానీయులును ఇంటిపేరును ముందుంచుదురు. మోరి యను ఇంటిపేరునకు వనమని యర్థము. మారి 1903 జనవరి 7న టోక్యో నగరమున జన్మించెను. తండ్రి మోరి ఓగై వృత్తిచే సైనిక వైద్యుడు. జర్మనీలో వైద్యశాస్త్రము నభ్యసించి, కథకుడుగను అనువాదకుడుగను ఆధునిక జపాను సాహిత్యమునకు మూలస్తంభముగ నిలిచిన మహనీయుడు. ఐరోపా సంస్కృతిపై గల మక్కువచే తన బిడ్డలకు ఆ ఖండపు పేర్లను బోలిన పేర్లనే పెట్టెను. 1908లో కోరింతదగ్గు ఆ యింట ప్రవేశించి పసివాడగు తమ్ముని హరించెను. ఐదేండ్ల మారి మాత్రము మృత్యుముఖమునుండి బయటపడెను. అటుపిమ్మట తండ్రి యామెను కంటికి ఱెప్పవలె పెంచెను. ఆ వాత్సల్యమే యామె జీవితమునకు వెలుగును, నీడయు నయ్యెను.

పదునాఱేండ్ల ప్రాయమున, 1919లో, ఫ్రెంచి సాహిత్య పండితుడగు యమదా తమాకితో ఆమెకు వివాహమయ్యెను. 1922లో భర్తను గలిసికొనుటకై ఆమె ఐరోపాకు పయనమయ్యెను. టోక్యో రైలుస్టేషనులో వీడ్కోలిచ్చిన తండ్రిని ఆమె మరల చూడలేదు. ఆ యేడు జూలై 9న, కుమార్తె విదేశమున నుండగనే, ఓగై కన్నుమూసెను. 1927లో ఆ దాంపత్యము విచ్ఛిన్నమయ్యెను. 1930లో సెందాయి నగరపు వైద్యాచార్యు నొకనితో జరిగిన రెండవ వివాహము మరుసటి యేడే ముగిసెను.

ఇచట నాటి శాసనమును స్మరింపవలెను. 1898 నాటి పౌరస్మృతి జపానులో కుటుంబ యజమానికి విశేషాధికారముల నొసగినది. అతని సమ్మతి లేనిదే వివాహము పొసగదు. దంపతులు విడిపోయినచో సంతానము తండ్రి యింటికే చెందెడిది. మారి యిరువురు కుమారులును అట్లే తండ్రి యింట నిలిచిపోయిరి. రెండు కాపురములు చేసి, రెండింటినుండియు వట్టిచేతులతో వెడలివచ్చిన స్త్రీ యామె. స్త్రీపురుష ప్రణయమనగనే అత్తవారిల్లు, వంటయిల్లు, వంశోద్ధరణము అను మూడు గోడలు కనుపించు కాలమది.

పుట్టింటికి చేరిన మారికి చాల యేండ్లు తండ్రి గ్రంథముల రాబడియే ఆధారము. అయితే నాడు జపానులో గ్రంథస్వామ్యము రచయిత మరణానంతరము 30 ఏండ్లే. 1950ల ఆరంభమున ఆ గడువు తీఱి రాబడి నిలిచిపోయెను. అప్పటి కామె యేబదవ యేట నుండెను. వేఱు విద్య యెఱుగదు, కలమొక్కటే శరణ్యమయ్యెను. 1957లో వెలువడిన తండ్రి టోపీ యను వ్యాససంపుటికి జపాను వ్యాసరచయితల సంఘపు పురస్కారము లభించెను. తండ్రి జ్ఞాపకములతో ఆరంభమైన రచన యెన్నడైన తండ్రి నీడను దాటునా యని సందేహించిన వారికి 1961లో ఆశ్చర్యకరమైన సమాధానము దొరకెను.

ఫ్రెంచి నటులు జాన్ క్లోద్ బ్రియాలీయు అలేన్ డెలానును గలిసియున్న ఒక ఛాయాచిత్రము ఆమె కంట బడెను. అందుండి అంకురించిన కథయే ప్రేమికుల వనము. ఒక విద్వాంసునకును, అతనికంటె చిన్నవాడగు యువకునకును నడుమ ప్రణయము అందలి వస్తువు. దానికి తమురా తోషికో పురస్కారము లభించెను. 1962లో ఎండుటాకుల శయ్య యను మఱియొక కథ వచ్చినది. ఇవి విలాసములతోను సువాసనలతోను నిండి, మృత్యువుతో ముగియు కథలు. పెద్దవాని లాలనలో చిన్నవాడు మెలగు తీరున విమర్శకులు ఓగై ఛాయనే చూచిరి. అది సత్యమే యనిపించును. కాని స్త్రీకి లోకము గీచిన గీతలను దాటుటకు ఆమె పురుషవేషమును ధరించినదనుటయు సత్యమే.

ఇది మనకు వింతయా? క్షేత్రయ్య పురుషుడై యుండి నాయికయై మువ్వగోపాలుని కొఱకు విలపించెను. కూచిపూడి భాగవతులు తరతరములుగ సత్యభామ జడను ధరించిరి. స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రలను ఆంధ్రులు నెత్తికెత్తుకొనిరి. పురుషుడు స్త్రీహృదయమున జొచ్చుటను కళయని మెచ్చిన మనము, స్త్రీ పురుషహృదయమున జొచ్చినప్పుడు నొసలు చిట్లించుట న్యాయము కాదు.

మారి జీవించిన గది చిన్నది, సంపాదన స్వల్పము. అయినను ఒక గాజుసీసా వన్నెలో ఆమె ఐరోపా రాజసౌధమును దర్శింపగలిగెను. 1963లో గ్రంథరూపమున వచ్చిన విలాస దారిద్ర్యము ఆ జీవన విధానమునకు దర్పణము. తండ్రీకుమార్తెల గాఢానురాగమును చిత్రించిన తీయని తేనెగది యను బృహన్నవలకు 1975లో ఇజుమి క్యోకా పురస్కారము వచ్చెను. 1987 జూన్ 6న, ఎనుబదినాలుగేండ్ల వయస్సున, ఆమె తన గదిలో ఏకాంతముగ మరణించెను.

ఆమె నాటిన వనము మాత్రము విస్తరించినది. 1949 ప్రాంతమున జన్మించిన హగియో మోతో, తకెమియా కెయికో మున్నగు చిత్రకథకురాండ్రు వేఱు త్రోవన వచ్చినను 1970లలో ఇట్టి వస్తువునే చేపట్టిరి. 1978లో జునే యను పత్రిక దీనికొఱకే వెలసినది. నేడు బాయ్స్ లవ్ అని వ్యవహరింపబడు ఈ శాఖకు మారినే ఆద్యురాలిగ పరిశోధకులు పేర్కొందురు. ఇందలి ఆకర్షణ యేమనగా, నాయకు లిరువురిలో ఎవ్వరును కోడలు కారు. ఎవరు వండవలె, ఎవరు లొంగవలె నను నిర్ణయము ముందుగ లేదు. చదువరి ఇరువురిలో ఎవరి హృదయముననైన నిలిచి ప్రేమను తిలకింపవచ్చును. తన శరీరము నెవ్వరును తూచరు.

లోపము లేకపోలేదు. స్త్రీలు తమ ఊహకొఱకు మమ్ము బొమ్మలుగ వాడుకొనుచున్నారని 1992లో జపానులోని స్వలింగ ప్రేమికుల పక్షమున అభ్యంతరము లేచి తీవ్రచర్చ సాగినది. ఆ విమర్శ సమంజసమే. కాలక్రమమున కొన్ని కథలు ఊహాసౌధములను విడిచి వీథిలోనికి దిగినవి. 2007లో యోషినగా ఫుమి ఆరంభించిన నిన్న ఏమి తిన్నావు అను చిత్రకథలో ఒక న్యాయవాదియు, ఒక క్షురకర్మ నిపుణుడును నడివయస్సు దంపతులు. సరకుల ధరలు లెక్కించుకొనుచు, సాయంకాలము కలిసి భుజించుటయే అందలి ప్రణయము. మారి కథలలో మృత్యువు నిలిచిన చోట, ఇచట అన్నపుగిన్నె నిలిచినది. 

2018 సెప్టెంబరు 6న మన సర్వోన్నత న్యాయస్థానము వయోజనుల స్వలింగ ప్రేమను నేరముల పట్టికనుండి తొలగించినది. ఆ నెలలోనే ఎల్.బి. నగరు రైలు కదలినది. ఆ రైలులో మన విద్యార్థులు చదువుకొను కథలలో ఎవరి జీవితము దాగియున్నదో ఉపాధ్యాయులమగు మనకు తెలియదు. చదువువాడు తన్ను దాచుకొనుటకు చదువునో, తన్ను కనుగొనుటకు చదువునో మనమెట్లు నిర్ణయింపగలము?

ఆ విద్యార్థినిని మరల పిలిచి పత్రము వ్రాయుమని కోరితిని. ఆమె వెంటనే బదులు చెప్పలేదు. పది దినముల తరువాత నా బల్లపై పండ్రెండు పుటల కాగితములుండెను. మడతలు పడిన మొదటి పుట పాతదే. మోరి మారి పేరు అందు మొదటి వాక్యముననే యున్నది. ఆమె కది ముందే తెలిసియుండెను, తెలియనివాడను నేనే.