క్షయరోగుల ఆప్తుడు డాక్టరు ట్రూడో

క్షయ యను పేరు చెవినిబడినంతనే ఇల్లంతయు గొల్లుమను దినములు ఒకప్పుడుండెను. దానికి మందు లేదు. రోగిని చీకటి గదిలో పరుండబెట్టి, గాలి సోకకుండ తలుపులు బిగించి, ఆప్తులు ప్రక్కనే పండుకొని సేవ చేసెడివారు. ఆ ప్రేమయే పలువురిని రోగము పాలు చేసెడిది. ఈ పద్ధతిని మార్చుటకు జీవితమంతయు ధారపోసిన వారిలో అమెరికా దేశస్థుడగు డాక్టరు ఎడ్వర్డు లివింగ్‌స్టన్ ట్రూడో ముఖ్యుడు.

ఆయన 1848వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన న్యూయార్కు నగరమున, వైద్యుల వంశమున జన్మించెను. బాల్యము పారిస్ నగరమున తాతగారి యొద్ద గడచెను. స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట, 1865లో, అన్నగారికి క్షయ సోకెను. నౌకాదళ విద్యాలయమున చేర నెంచియున్న ట్రూడో ఆ తలంపు మానుకొని అన్నకు పరిచర్య చేయ బూనెను. అప్పటికాయనకు పదునేడేండ్ల ప్రాయము. రేయింబవళ్లు ఆ గదిలోనే యుండెను; పెక్కు రాత్రులు ఆ మంచముమీదనే పండుకొనెను. కిటికీలు తెరచినచో దగ్గు హెచ్చునని వైద్యుడు చెప్పగా వానిని మూసియే యుంచెను. అది అంటురోగమని ఆ వైద్యుడును ఎరుగడు. డిసెంబరు నెలలో అన్న తమ్ముని చేతులలోనే కన్నుమూసెను.

ట్రూడో 1871లో వైద్యపట్టము పొందెను. ఆ యేడే వివాహమాడెను. రెండేండ్లు తిరుగకమునుపే తన ఊపిరితిత్తులలోను క్షయ యున్నదని తేలెను. ఇక బ్రతుకను ఆశ వదలుకొని, తన కిష్టమగు అడవులలో కడపటి దినములు గడుపవలెనని ఆయన అడిరాండాక్ పర్వతసీమకు పోయెను. బక్కచిక్కిన ఆ యువకుని అచ్చటి వేటగాడొకడు పసిబిడ్డనువలె ఎత్తుకొని మేడమెట్లెక్కించెనట! కాని ఆరుబయట పడవలో పరుండి విశ్రాంతి తీసికొనుచుండగా జ్వరము తగ్గెను, ఆకలి పుట్టెను. నగరమునకు పోయినచో రోగము తిరుగబెట్టును; అడవికి వచ్చినచో తగ్గును. తుదకు 1876లో భార్యాబిడ్డలతో శారనాక్ సరస్సు అను పల్లెలో స్థిరపడెను.

1882లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ క్షయక్రిమిని కనుగొనెను. స్నేహితు డొకడు ఆ వ్యాసమును ఆంగ్లమున వ్రాయించి క్రిస్మసు కానుకగా ట్రూడోకు పంపెను. ఆయన తన యింటనే చిన్న ప్రయోగశాల నేర్పరచుకొని, క్రిములను పెంచి, 15 కుందేళ్లతో నొక పరీక్ష చేసెను. 5 కుందేళ్లకు క్రిముల నెక్కించి చీకటియు చెమ్మయు గల ఇరుకుచోట నుంచెను. వేరొక 5 కుందేళ్లకు క్రిముల నెక్కింపక, గోతిలో నుంచి అరకొర మేత వేసెను. మిగిలిన 5 కుందేళ్లకు క్రిముల నెక్కించి, కావలసినంత మేతతో ఒక దీవిలో స్వేచ్ఛగా విడిచెను. మొదటివానిలో నాలుగు చచ్చెను. రెండవవి చిక్కిపోయెనుగాని వానికి క్షయ రాలేదు. దీవిలోనివానిలో నాలుగు బ్రతికెను. క్రిమి లేక రోగము రాదనియు, క్రిమి చేరినను మంచి గాలియు, ఆహారమును దేహమునకు ఎదుర్కొను శక్తి నిచ్చుననియు దీనివలన తేలెను. తన అన్న యుండిన గది ఆయనకు అప్పుడు తప్పక జ్ఞప్తికి వచ్చియుండును.

ధనవంతులు గాలిమార్పునకు పోగలరు, బీదలగతి ఏమి? పర్వతసీమలోని వేటగాండ్రు చందాలు వేసికొని 16 ఎకరముల నేల కొని ఆయన కిచ్చిరి. 1885లో అచ్చట ఎర్రరంగు పూసిన ఒక చిన్న చెక్కయిల్లు వెలసెను. కర్మాగారములో పనిచేసి రోగము తెచ్చుకొనిన అక్కాచెల్లెండ్రు ఇరువురు మొదటి రోగులు. ఖర్చులో కొంతయే రోగులు చెల్లింపవలెను. మిగిలినది ట్రూడో యాచించి తెచ్చెడివాడు. తనకు జీతము తీసికొనలేదు.

అచ్చటి పరిచర్యయే చికిత్స. రోగులను ఒకే పెద్ద కొట్టములో క్రిక్కిరిసి యుంచక, కొలదిమంది చొప్పున చిన్న ఇండ్లలో నుంచిరి. మంచు కురియు శీతకాలమునను వారు కంబళ్లు కప్పుకొని వసారాలలో పడకకుర్చీలపై పరుండియుండవలెను. పాలు, గ్రుడ్లు సమృద్ధిగా నిచ్చెడివారు. జ్వరము చూచి, అది తగ్గినపిమ్మటనే నడువనిచ్చెడివారు. కఫమును ఎచ్చటబడిన నచ్చట ఉమ్మనీయక, కాగితపు దొన్నెలలో పట్టి కాల్చివేసెడివారు. చిన్నపనివలె తోచు ఈ కడపటి నియమమే పరిచారకులకు పెద్ద రక్ష. 1912లో ఆ ఆవరణమందే నర్సుల శిక్షణశాల వెలసెను. రోగము కుదిరినవారే అందు చేరి, ఇతర రోగులకు సేవచేయ నేర్చుకొనిరి. దగ్గుచు రాత్రులు గడపినవారికంటె ఆ బాధ నెరిగినవారెవరు!

ఊరివారి రోగమును కుదుర్చుచుండిన ఆయనను విధి విడువలేదు. 1893లో కూతురు క్షయతోనే మరణించెను. ఆ సంవత్సరముననే ప్రయోగశాలలోని కిరసనాయిలు దీపమువలన ఇల్లు కాలిపోయెను. మరుసటి యేడు మిత్రుని ధనసహాయముతో రాతికట్టడపు ప్రయోగశాల లేచెను. 1904లో వైద్యుడైన పెద్దకుమారుడు న్యుమోనియాతో పోయెను. తన రోగమో, ఎన్నడును పూర్తిగా కుదురలేదు.

ట్రూడో పద్ధతిని మితిమీరి పొగడుటయు తగదు. చలిగాలి క్రిములను చంపదు. ముదిరిన రోగులను ఆయన సాధారణముగా చేర్చుకొనలేదు గనుక, కుదిరినవారి లెక్క చూచునప్పుడు ఆ సంగతి మరువరాదు. క్షయకు టీకా కనుగొనవలెనని ఆయన చేసిన యత్నము ఫలింపలేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడిన పిమ్మట ఇతర మందులును వచ్చి, 1954లో ఆ శానటోరియము మూతపడెను. నేడు సాధారణముగా ఆరునెలల మందులతో క్షయ కుదురుచున్నది. అయినను రోగి గదికి గాలి ధారాళముగా రావలెననుట మాత్రము మారలేదు.

గాలియు, విశ్రాంతియు, పుష్టికరమగు ఆహారమును ప్రధానముగా నెంచిన శానటోరియములు దేశదేశముల వెలసెను. మన మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరపు శానటోరియము 1915లో ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరము నవంబరు 15వ తేదీననే ట్రూడో కాలధర్మము నొందెను. క్షయ తేలిన పిదప ఆయన బ్రతికినవి 42 ఏండ్లు.

ఆయనవలన స్వస్థత పొందినవారు చందాలు వేసికొని, గుట్జన్ బోర్గ్‌లమ్ అను శిల్పిచే 1918లో కంచువిగ్రహము చేయించిరి. ఘనులను శిల్పులు సాధారణముగా నిలువబెట్టుదురు. ఇందు ట్రూడో రోగులందరివలెనే కాళ్లపై కంబళి కప్పుకొని, పడకకుర్చీలో వాలియున్నాడు.