డిక్విన్సీ చుక్కల లెక్క

ఇంగ్లిష్ సాహిత్యం తెలిసినవాళ్లకి థామస్ డిక్విన్సీ అనగానే గుర్తొచ్చేది నల్లమందు. దానితో తన జీవితం ఎలా గడిచిందో 1821లో లండన్ మ్యాగజైన్‌లో రాసి, ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆ పుస్తకం కన్నా, మరుసటి ఏడాది దాని చివర చేర్చిన ఒక చిన్న పట్టిక ఎక్కువ నచ్చింది. అచ్చం మన ల్యాబ్ రికార్డులా ఉంటుంది. ఒక పక్క తేదీ, ఇంకో పక్క ఆ రోజు తాగిన చుక్కలు.

డిక్విన్సీ 1785లో మాంచెస్టర్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1802లో బడి నుంచి పారిపోయి, లండన్‌లో తిండి లేక తిరిగాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు. 1804లో, అంటే మన వయసులోనే, తల, ముఖం నొప్పితో అల్లాడుతుంటే తెలిసిన కుర్రాడొకడు నల్లమందు వాడి చూడమన్నాడు. లండన్‌లో ఒక మందుల షాపుకెళ్లి లాడనమ్ కొన్నాడు. సారాయిలో కరిగించిన నల్లమందే లాడనమ్. ఆ రోజుల్లో దానికి చీటీ అక్కర్లేదు, ఎవరడిగినా ఇచ్చేవాళ్లు.

చాలా ఏళ్లు ఎప్పుడో ఒకసారి మాత్రమే తీసుకున్నాడు. 1813లో కడుపునొప్పి ముదిరాక అది రోజువారీ అలవాటైంది. ఒక దశలో రోజుకి 8,000 చుక్కలు! ఒకసారి గట్టిగా అనుకుని 1,000కి దించాడు, కానీ అది నిలబడలేదు. ఇంట్లో భార్య మార్గరెట్, పసిపిల్లలు, మెడ మీద అప్పులు. ఆ అప్పుల కోసమే పుస్తకం రాశాడు. దాదాపు బయటపడ్డానన్నట్టు ముగించాడు కూడా. కానీ అప్పటికీ రోజుకి 170, 180 చుక్కలు తాగుతూనే ఉన్నాడు.

ఇక పట్టిక సంగతి. 1822 జూన్ 24న 130తో మొదలవుతుంది. నాలుగో రోజుకే 80. రెండో వారం 80, 90, 100 మధ్య ఊగింది. జులై 8న ఒక్కసారిగా 300, మర్నాడే 50. నాలుగో వారంలో 70కి దిగి, వెంటనే 240కి, 350కి ఎగిరింది. చివరి వారంలో మూడు రోజులు వరసగా సున్నా. ఆ వెంటనే 200.

ఆ రోజుల్లో గంటల తరబడి ఆగని తుమ్ములు. రోజుకి అయిదారుసార్లు స్నానం చేయాల్సినంత చెమట. నిద్ర లేదు, కాళ్లూ చేతులూ ఒకచోట ఉండవు, ఊరికే చిరాకు. ఇదంతా పిరికితనం కాదు, శరీర ధర్మం. నల్లమందు జాతి మందులు మెదడులో నోరడ్రినలిన్‌ని అణిచిపెడతాయి. రోజూ వాడితే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. మందు తీసేస్తే, నొక్కి వదిలిన స్ప్రింగులా అది పైకి లేస్తుంది.

పోయిన ఏడాది మా మామయ్యకి నడుము ఆపరేషన్ తర్వాత ట్రమడాల్ ఇచ్చారు. కొన్ని నెలలకి డోసు తగ్గించడం మొదలుపెట్టగానే తుమ్ములు, చెమటలు. అత్తయ్య జలుబు అనుకుంది. రాత్రుళ్లు హాల్లో అటూ ఇటూ నడిచేవాడు. తను మత్తుకి బానిసయ్యాడని లోలోపల సిగ్గు. డాక్టర్‌కి చెప్పమంటే ఒప్పుకోడు. అప్పుడు ఈ పట్టిక చూపించా. 70 పక్కన 240 చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే ఒక కాగితం మీద తన మాత్రల లెక్క రాసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన తిట్టలేదు. తగ్గించే వేగం సగం చేశారు, అంతే.

డిక్విన్సీకి ఆ అవకాశం లేదు. ఎంత తగ్గించాలో, ఎంత వేగంగా తగ్గించాలో తనే లెక్కేసుకున్నాడు. 130 నుంచి మూడు రోజుల్లో 80కి దూకడం ఎంత కష్టమో ఇప్పుడు ఏ డాక్టరైనా చెబుతారు. ఇప్పుడైతే కొంచెం తగ్గించి, కొన్ని వారాలు అక్కడే ఆగి, శరీరం కుదుటపడ్డాక మళ్లీ తగ్గిస్తారు. అవసరమైతే క్లోనిడిన్‌లాంటి మందు తోడిస్తారు. ఇంకో ముఖ్యమైన మాట. కొన్నాళ్లు మానేశాక పాత డోసు మళ్లీ వేసుకుంటే శరీరం తట్టుకోదు, ఊపిరి ఆగిపోవచ్చు.

అతను నల్లమందు పూర్తిగా మానలేదు. ఎన్నోసార్లు తగ్గించాడు, ఎన్నోసార్లు జారాడు. 1837లో మార్గరెట్ పోయింది. అయినా రాయడం ఆపలేదు. 1859 డిసెంబర్ 8న ఎడిన్‌బరాలో, 74 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

బయటపడ్డాడని నమ్మిన పాఠకుల ముందే ఆ 350ని దాచకుండా అచ్చు వేయించాడు చూడండి, నాకు అక్కడే అతను పెద్దవాడిగా కనిపించాడు. గ్రాఫ్ నేరుగా కిందికి దిగకపోతే మనిషి ఓడినట్టు కాదు. మీ ఇంట్లో, మీ హాస్టల్ రూమ్‌లో ఎవరైనా ఇలాంటి మందు తగ్గిస్తుంటే, పెరిగిన రోజు లెక్క కూడా రాయమనండి. ఆ కాగితం డాక్టర్‌కి చూపించమనండి.