న్యాయాన్వేషి కోనన్ డోయల్

న్యాయస్థానం మెట్లెక్కే ప్రతి మనిషికీ చివరకు సత్యమే గెలుస్తుందన్న నమ్మకం ఉంటుంది. గుడివాడ నుండి గాని, దివిసీమ లంకల నుండి గాని బందరులోని జిల్లా న్యాయస్థానానికి వచ్చే సామాన్యునికి ఆ నమ్మకమే అండ. అయితే సాక్షులు పొరబడినప్పుడు, దర్యాప్తు చేసేవారు తొందరపడినప్పుడు నిరపరాధి కూడా దోషిగా నిలబడవలసి వస్తుంది. అటువంటి వేళ ఏ అధికారమూ లేని ఒక వ్యక్తి సైతం స్వయంగా పరిశోధించి సత్యాన్ని వెలికితీయగలడని నిరూపించిన మహనీయుడు సర్ ఆర్థర్ కోనన్ డోయల్.

బందరు ముఖ్యపట్టణంగా కృష్ణా జిల్లా ఏర్పడిన 1859వ సంవత్సరంలోనే, మే 22న, డోయల్ స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే వైద్యవిద్య నభ్యసించారు. ఆయన గురువు జోసఫ్ బెల్ రోగి నడకను, చేతులను, దుస్తులను చూచి అతని వృత్తిని చెప్పగలిగేవారు. ఆ సూక్ష్మపరిశీలనే తరువాత డోయల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్ పాత్రకు ప్రాణం పోసింది. 1887లో తొలిసారి పాఠకుల ముందుకు వచ్చిన ఆ పాత్ర ఆయనకు విశ్వఖ్యాతిని ఆర్జించి పెట్టింది. 1902లో ప్రభుత్వం ఆయనను సర్ బిరుదుతో సత్కరించింది.

1906లో భార్య లూయిసా మరణించడంతో డోయల్ దుఃఖంలో మునిగిపోయారు. ఆ సమయంలోనే జార్జ్ ఎడల్జీ అనే యువ న్యాయవాది తన గోడు ఆయనకు విన్నవించుకున్నాడు. ఎడల్జీ తండ్రి బొంబాయి నుండి ఇంగ్లండుకు వెళ్లి, స్టాఫర్డ్‌షైరులోని గ్రేట్ వైర్లీ గ్రామంలో క్రైస్తవ మతగురువుగా స్థిరపడిన పార్సీ. 1903లో ఆ గ్రామ పరిసరాలలో రాత్రివేళ ఎవరో పశువులను కోసి చంపసాగారు. ఆకాశరామన్న ఉత్తరాలు కూడా వెలువడ్డాయి. అనుమానం భారతీయ సంతతికి చెందిన ఎడల్జీ మీదికి మళ్లింది. న్యాయస్థానం అతనికి ఏడేళ్ల కఠినశిక్ష విధించింది. మూడేళ్ల తరువాత ప్రభుత్వం అతనిని విడుదల చేసింది గాని, నిర్దోషి అని ప్రకటించలేదు. అందువల్ల అతడు తిరిగి న్యాయవాదవృత్తి చేపట్టలేకపోయాడు.

1907 జనవరిలో లండనులోని ఒక హోటలులో డోయల్ ఎడల్జీని మొదటిసారి చూచారు. ఎడల్జీ వార్తాపత్రికను కన్నులకు మరీ దగ్గరగా, కొంత ఏటవాలుగా పట్టుకొని చదువుతున్నాడు. నేత్రవైద్యం అభ్యసించిన డోయల్‌కు అతని చూపు ఎంత మందగించిందో తక్షణమే బోధపడింది. వానాకాలపు చీకటిరాత్రి దివిసీమ పొలాల గట్ల మీద నడిచినవారికి మంచి చూపున్నా అడుగు తడబడుతుంది. అటువంటిది, ఆ చూపుతో వాన కురిసిన రాత్రి రైలుపట్టాలు, కంచెలు దాటి, కాపలా ఉన్న పోలీసుల కంటపడకుండా పోయి పశువును చంపడం ఎలా సాధ్యం?

డోయల్ ఈ ఊహతోనే తృప్తిపడలేదు. స్వయంగా ఆ గ్రామానికి వెళ్లి, ఎడల్జీ నడిచినట్లు చెప్పిన దారిని పరిశీలించారు. ఎడల్జీ బూట్లకు అంటిన నల్లబురదకు, పశువు పడి ఉన్న పొలంలోని మట్టికి పోలిక లేదని గుర్తించారు. కోటు మీద దొరికాయన్న గుర్రపు వెంట్రుకలను గురించి కూడా విచారించారు. కోటును, చచ్చిన గుర్రపు తోలుముక్కను ఒకే మూటలో కట్టి పంపారని తేలింది. చేతివ్రాతను గుర్తుపట్టిన నిపుణుడు అంతకుముందు మరొక కేసులోనూ పొరబడినవాడే. ఈ విషయాలన్నింటినీ డోయల్ డైలీ టెలిగ్రాఫ్ పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది మే నెలలో ప్రభుత్వం ఎడల్జీకి క్షమాభిక్ష ప్రసాదించింది. నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు. నవంబరులో అతనికి న్యాయవాదిగా తిరిగి అర్హత లభించింది. ఇటువంటి కేసులు రేపిన ఆందోళన వల్ల ఇంగ్లండులో 1907లో క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పడింది.

ఆస్కార్ స్లేటర్ విషయంలో డోయల్ మరింత దీర్ఘకాలం పోరాడవలసి వచ్చింది. 1908లో గ్లాస్గో నగరంలో ఒక వృద్ధురాలు హత్యకు గురైంది. ఆమె ఇంట పోయిన నగ వంటిదానిని స్లేటర్ తాకట్టు పెట్టాడన్నది అనుమానానికి మూలం. నిజానికి ఆ తాకట్టు హత్యకు కొన్ని వారాల ముందే జరిగింది. అయినా 1909లో అతనికి మరణశిక్ష పడి, ఆపై యావజ్జీవ శిక్షగా మారింది. డోయల్ 1912లోనే ఈ అన్యాయాన్ని పుస్తకరూపంలో ఎండగట్టారు. సత్యం చెప్పబోయిన ఒక పోలీసు అధికారి ఉద్యోగం కోల్పోయాడు. చివరకు 1927లో స్లేటర్ విడుదలయ్యాడు. 1928లో న్యాయస్థానం ఆ శిక్షను రద్దు చేసింది. అప్పటికి పద్దెనిమిదిన్నర ఏళ్ల జీవితం చెరసాలలో గడిచిపోయింది. ఆ తరువాత రెండేళ్లకు, 1930 జులై 7న, డోయల్ కన్నుమూశారు.

డోయల్ పరిశోధనలోనూ లోపం లేకపోలేదు. ఎడల్జీ కేసులో అసలు దోషిగా ఆయన మరొకరిని అనుమానించారు గాని, అది ఎన్నడూ రుజువు కాలేదు. నిరపరాధిని కాపాడబోయి ఇంకొకరి మీద నింద మోపరాదన్న హెచ్చరిక ఇందులో ఉన్నది.

ఇది పరాయి దేశపు పాతకథ మాత్రమే కాదు. 2007లో అప్పటి కృష్ణా జిల్లాలోని ఇబ్రహీంపట్నంలో జరిగిన విద్యార్థిని హత్యకేసులో ఒక నిరుపేద యువకునికి 2010లో శిక్ష పడింది. అతడు దోషి కాడని హతురాలి తల్లిదండ్రులే వాదించారు. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతనిని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా కారాగారంలోనే గడిచాయి.

సాక్షులను మళ్లీ కలవడం, సంఘటనా స్థలాన్ని కొలవడం, తేదీలను సరిపోల్చడం, దొరికిన ఆధారాలను న్యాయవాది ద్వారా న్యాయస్థానం ముందుంచడం నేటి ప్రైవేటు పరిశోధకులు చేసే పని. తీర్పు చెప్పే అధికారం వారికి లేదు. అయినా అందరూ ముగిసిందనుకున్న కేసును ఓర్పుతో తిరిగి తెరిచేవారు ఒక్కరున్నా, నిరపరాధికి ఆశ మిగులుతుంది. డోయల్ జీవితం మనకు నేర్పే పాఠమిదే.