ఆకాశవాణిని ఆలకించిన మార్టిన్ రైల్

కంటికి కనిపించేదే ఆకాశమని మానవుడు వేల ఏండ్లు విశ్వసించాడు. నక్షత్రలోకాల నుండి రేడియో తరంగాలు కూడా భూమిని చేరుతున్నాయని ఇరవయ్యవ శతాబ్దంలో తెలియవచ్చింది. ఆ అదృశ్య తరంగాలకు రూపం కల్పించి, విశ్వానికి సరికొత్త పటం గీసిన శాస్త్రజ్ఞులలో సర్ మార్టిన్ రైల్ అగ్రగణ్యులు.

రైల్ 1918 సెప్టెంబరు 27న ఇంగ్లాండులోని బ్రైటన్‌లో జన్మించారు. తండ్రి జాన్ రైల్ పేరుపొందిన వైద్యులు. మార్టిన్‌కు మాత్రం విద్యార్థి దశ నుండే రేడియో పరికరాల నిర్మాణంపై మక్కువ. 1939లో ఆక్స్‌ఫర్డులో పట్టభద్రులయ్యారు. ఆ ఏడే రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. ఆయన యౌవనమంతా శత్రువుల రాడార్లను ఏమార్చే పరిశోధనలకే అంకితమైంది.

యుద్ధానంతరం ఆయన కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో చేరారు. యుద్ధంలో మిగిలిపోయిన సామగ్రి, జర్మనుల నుండి స్వాధీనమైన రాడార్ యాంటెన్నాలు ఆయనకు తొలి సాధనాలయ్యాయి. వినాశనం కోసం పుట్టిన పనిముట్లు విజ్ఞానానికి ఉపకరించాయి.

రేడియో తరంగాల నిడివి ఎక్కువ. కనుక సుదూర వస్తువుల సూక్ష్మరూపం తెలియాలంటే కిలోమీటర్ల వెడల్పు గల యాంటెన్నా కావాలి. అది నిర్మించడం అసాధ్యం. రైల్ చక్కని ఉపాయం ఆలోచించారు. కొన్ని చిన్న యాంటెన్నాలను దూరదూరంగా నిలిపి, భూభ్రమణం వల్ల వాటి దిశ మారుతుండగా అందిన సంకేతాలన్నింటినీ గణనయంత్రంతో మేళవిస్తే, పెద్ద యాంటెన్నా ఇచ్చేంత స్పష్టమైన చిత్రం లభిస్తుంది. ఈ పద్ధతిలో 1964లో ఒక మైలు దూరదర్శిని, 1972లో పాడుబడిన రైలుమార్గంపై ఐదు కిలోమీటర్ల దూరదర్శిని వెలిశాయి.

ఆయన మార్గం నల్లేరుపై బండి నడక కాలేదు. విశ్వానికి ఆద్యంతాలు లేవని, అది సదా ఒకే తీరున ఉంటుందని ఫ్రెడ్ హాయిల్ మున్నగువారు వాదించేవారు. 1955లో రైల్ 1,936 రేడియో జనకాల పట్టికను ఆధారం చేసుకొని ఆ వాదాన్ని ఖండించారు. అయితే వాటిలో అనేకం నిజమైనవి కావని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల పరిశీలనలో తేలింది. ఆవేశపరులైన రైల్‌కు ఇది గొడ్డలిపెట్టు. అయినా ఆయన పని విడువలేదు. మెరుగైన సాధనాలతో ఆకాశాన్ని మళ్లీ గాలించి, 1959లో 471 జనకాల పట్టికను వెలువరింపజేశారు. 1961 నాటికి ఆయన నిర్ణయానికి బలమైన ఆధారం చేకూరింది.

1968లో రైల్, విండ్రమ్ అనే సహపరిశోధకునితో కలిసి పెర్సియస్ గెలాక్సీ సమూహాన్ని పరిశీలించారు. అందులో రెండు గెలాక్సీల రేడియో వెలుగు తోకవలె ఒకే పక్కకు సాగి ఉంది. సమూహ కేంద్రంలోని గెలాక్సీ వెదజల్లే కణాలే దీనికి కారణమని వారు ఊహించారు. ఆ ఊహ నిలువలేదు. 1972లో హాలండులోని శాస్త్రజ్ఞులు, రైల్ పద్ధతిలోనే నిర్మితమైన దూరదర్శినితో అసలు కారణం కనుగొన్నారు. గెలాక్సీ గర్భంలోని కృష్ణబిలం ఇరువైపులా ప్లాస్మా ధారలను చిమ్ముతుంది. సమూహమంతటా వేడి వాయువు వ్యాపించి ఉంటుంది. గెలాక్సీ అందులో సెకనుకు 2,000 కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకుపోతుంటే, ఎదురుగాలిలో పరుగెత్తేవాని ఉత్తరీయంవలె ఆ ధారలు వెనుకకు వంగుతాయి.

గెలాక్సీ సమూహాలు రెండు ఢీకొన్నప్పుడు వాయువే ప్రవాహంగా మారుతుంది. అప్పుడు మెల్లగా కదిలే గెలాక్సీల ధారలు కూడా వంగిపోతాయి. అందువల్ల వంగిన రేడియో గెలాక్సీలు కంటికి కనిపించని ఆ పెనుగాలుల జాడ తెలిపే ధ్వజాల వంటివి. పెర్సియస్ సమూహం సైతం పూర్వం మరొకదానితో ఢీకొన్నదనడానికి 2025లో కొత్త ఆధారాలు వెలువడ్డాయి.

1966లో సర్ బిరుదు, 1972లో రాజఖగోళజ్ఞ పదవి, 1974లో ఆంటొనీ హ్యూయిష్‌తో కలిసి నోబెల్ బహుమతి రైల్‌ను వరించాయి. అయినా చివరి దశలో అణ్వాయుధాల భయం ఆయన మనసును కలచివేసింది. శాస్త్రం మానవ సంహారానికి దారితీయరాదని ఎలుగెత్తి చాటుతూ, పవనశక్తి పరిశోధనకు పూనుకొన్నారు. 1984 అక్టోబరు 14న కేంబ్రిడ్జిలో కన్నుమూశారు.

మహారాష్ట్రలోని ఖొదద్ వద్ద 30 యాంటెన్నాలతో వెలసిన మన బృహత్ రేడియో దూరదర్శిని కూడా రైల్ చూపిన బాటలోనిదే. పొరపడటం శాస్త్రజ్ఞునికి అవమానం కాదు. పొరపాటు బయటపడ్డాక మళ్లీ ఆకాశం వైపు చూడగలగడంలోనే అతని ఘనత ఉంది. రైల్ జీవితం బోధించే పాఠమిదే.