కిరణాలను కొలిచిన సన్యాసి

మన హోసూరు, కృష్ణగిరి పక్క గ్రానైట్ లేని ఇల్లు అరుదు. ఆ రాతిలోని పొటాషియం కొద్దిగా బీటా కిరణాలను వదులుతూనే ఉంటుంది. కంటికి కనపడవు, ఒంటికి తెలియవు. అట్లాంటి కిరణాలను కొలిచిన తెలుగాయన స్వామి జ్ఞానానంద గురించి రాస్తున్నాను.

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. చిన్న వయసులోనే ఇల్లు విడిచి, హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్లింది కూడా యోగం గురించి చెప్పడానికే. తీరా అక్కడ భౌతికశాస్త్రం ఆయన్ని పట్టుకుంది. ముప్పై దాటిన సన్యాసి మళ్లీ విద్యార్థి అయ్యారు! తెలుగు చదివేవాళ్లకి సైన్సెందుకు అనేవాళ్లకి నేను ఈ మాటే చెప్తుంటాను.

ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద పరిశోధన చేశారు. తర్వాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుక్కున్న చాడ్విక్ దగ్గర చేరారు. అక్కడ ఆయన పని బీటా స్పెక్ట్రోమీటరు. అయస్కాంతం మధ్య ఎలక్ట్రాన్ వంపు తిరుగుతుంది. వేగం ఎక్కువైతే వంపు తక్కువ. ఆ వంపును చూసి శక్తిని లెక్క కడతారు. దారిలో గాలి అడ్డొస్తే లెక్క చెడుతుంది, అందుకే లోపల గాలంతా తీసేయాలి. ఆ విద్య మీద 1947లో ఒక పుస్తకమే వేశారు. యుద్ధకాలంలో చాడ్విక్ అణుబాంబు పని మీద అమెరికా వెళ్లారు. మన స్వామి పేరు మాత్రం కొలతలతోనే నిలిచింది.

దేశానికి తిరిగొచ్చి, కొన్నాళ్లు ఢిల్లీలో పనిచేసి, 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. సన్యాసం వదల్లేదు, పరిశోధనా పత్రాల మీద కూడా సన్యాసి పేరే. 1969లో పోయారు. విశాఖలోని ఆ ప్రయోగశాలలకి ఇప్పుడు ఆయన పేరే ఉంది.